చేప విత్తనం కథ: మన ఊరి చెరువుకు వెర్సోవాతో చుట్టరికం



దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో నిజామాబాద్ జిల్లా చేపల మీద ఒక వ్యాసం వచ్చింది. రాసినవాళ్లు మహమూద్, రహీముల్లా. హైదరాబాద్ సంస్థానంలో ఏ జిల్లా నీళ్లల్లో ఏ చేపలున్నాయో సర్వే చేసి వరుసగా అచ్చేసిన వ్యాసాల్లో అది నాలుగోది. అంతకుముందు మెదక్ జిల్లా చేపల మీద కూడా వచ్చింది. ఆ రోజుల్లోనే నిజామాబాద్, మెదక్, కరీంనగర్, పాలమూరు నుంచి మన తాతలు రైలెక్కి వచ్చి కామాటిపుర గల్లీల్లో, వర్లీ, ప్రభాదేవి చాళ్లలో చేరుతున్నారు. వాళ్లు వదిలి వచ్చిన చెరువుల్లోని చేపల లెక్క, వాళ్లు వచ్చి చేరిన ఊళ్లోనే అచ్చయింది. ఆ పత్రిక వాళ్లలో ఎవరి చేతికీ అంది ఉండదు. పొద్దున లేస్తే పని నాకా మీద నిలబడేవాడికి జర్నల్ ఎవరిస్తారు?

మన సంఘాల చరిత్ర ఎప్పుడూ రాయితో మొదలవుతుంది. హార్న్‌బీ వెల్లార్డ్ కట్టడం, సముద్రపు నీళ్లు ఆగి ఎండిన పల్లపు నేలలో కామాటీలు గుడిసెలు వేసుకోవడం, రోడ్లు, మిల్లులు, ఆ తర్వాత మగ్గం పని తెలిసిన పద్మశాలీలు మిల్లుల్లో చేరడం. నేనూ అవే రాస్తూ వచ్చాను. ఈసారి చెరువు గురించి రాయాలనిపించింది. మనలో ముదిరాజ్, గంగపుత్ర, బెస్త ఇళ్లవాళ్లు చాలామంది ఉన్నారు. కొందరి పేర్లు ఇప్పటికీ ఊళ్లో మత్స్య సొసైటీ రిజిస్టర్లో ఉన్నాయి. మిగతావాళ్లకు చెరువు కింద మడి అయినా ఉండేది. ఊరికి పంపే పైసలు, అక్కడి నుంచి వచ్చే కబుర్లు రెండూ ఆ నీళ్ల చుట్టూనే తిరుగుతాయి. ఇప్పుడు ఆ చెరువులో పడే చేప పిల్ల ఎక్కడ పుడుతుంది, ఎట్లా పుడుతుంది అనే కథలో ఒక ముఖ్యమైన చిరునామా మన అంధేరీ వెస్ట్‌లో, వెర్సోవా యారీ రోడ్డు పక్కన ఉంది. అక్కడికి మెల్లగా వస్తాను.

ముందు పాత చెరువు. తెలంగాణ చెరువు ఎండాకాలానికి అడుగంటుతుంది, కొన్నయితే నెర్రెలిస్తాయి. వానలు పడి వాగు పారగానే దాంతోపాటు చేపలూ ఎక్కుతాయి. పరకలు, జెల్లలు, వాలుగ, మార్పు, కొర్రమీను. వీటిలో మార్పు, కొర్రమీను గాలి పీల్చుకోగల చేపలు. నీళ్లు తగ్గినా బురదలో ప్రాణం నిలుపుకుంటాయి. అందుకే ఎండిన చెరువులో కూడా మళ్లీ వానకు అవి కనిపించేవి. ఎవరూ విత్తనం వేయలేదు. చెరువు తనంతట తాను ఇచ్చింది పట్టుకున్నారు, అంతే.

ఈ రోజు మార్కెట్లో మనం కొనే రోహు, బొచ్చె, మోసుల సంగతి వేరు. రోహు పుట్టిల్లు గంగ, బ్రహ్మపుత్ర, సింధు నదులు. ఈ మూడు చేపలకూ ఒక మొండితనం ఉంది. చెరువులో వేస్తే బాగా తింటాయి, పెరుగుతాయి, ఆడ చేప పొట్టనిండా గుడ్లు కట్టుకుంటుంది. కిలో బరువుకు రెండు మూడు లక్షల గుడ్లు. కానీ నిలవ నీటిలో ఒక్క గుడ్డూ విడవదు. దానికి వాన కావాలి, వరద కావాలి, పారే కొత్త నీళ్లు కావాలి. అవి రాకపోతే గుడ్లు లోపలే కరిగిపోతాయి. అంటే ఏటా ఊరి చెరువులో రోహు వేయాలంటే ఏటా ఎక్కడో నది నుంచి పిల్లలు తేవాల్సిందే.

ఆ తెచ్చే పని పెద్ద వ్యాపారంగా నడిచింది. బెంగాల్లో వరదల కాలంలో నది ఒడ్డున సన్నకన్ను వలలు కట్టి, కొట్టుకొచ్చే గుడ్లూ పిల్లలూ పట్టేవారు. హౌరా దగ్గర వాటి సంత. అక్కడి నుంచి మట్టి కుండల్లో నింపి రైళ్లలో దూర ప్రాంతాలకు పంపేవారు. కుండ పక్కన ఒక మనిషి కూర్చుని దారి పొడుగునా నీళ్లను చేత్తో కదిలిస్తూ ఉండాలి, లేకపోతే గాలి అందక పిల్లలు చస్తాయి. ఆ వలలో పడినవి అన్నీ రోహు కావు. పనికిరాని చేపలు, మిగతా పిల్లల్ని తినే వాలుగ పిల్లలు కూడా కలిసి వచ్చేవి. అంత చిన్న వయసులో ఏది ఏదో చూసి చెప్పడం నిపుణులకే కష్టం. చెరువువాడు డబ్బు పెట్టి తన చేపల్ని తినేవాటిని తానే తెచ్చుకున్న సందర్భాలు తక్కువేమీ ఉండవు.

ఈ చిక్కుముడి విప్పినవాడు హీరాలాల్ చౌధురి. సిల్హెట్ ప్రాంతంలో 1921లో పుట్టాడు. బారక్‌పూర్‌లో పరిశోధకుడిగా ఉన్న తొలి రోజుల్లో గంగ ఒడ్డున పొట్ట ఉబ్బిన ఒక చిన్న చేపను పట్టి నొక్కితే గుడ్లు బయటికొచ్చాయని, వాటిని నీళ్లలో ఉంచి చూస్తే పిల్లలయ్యాయని, అప్పటి నుంచే ఆయనకు ఈ పట్టు మొదలైందని చెప్పుకుంటారు. చేప తల లోపల, మెదడు కింద పీయూష గ్రంథి ఉంటుంది. బియ్యపు గింజ కంటే చిన్నది. గుడ్లు విడవమని శరీరానికి చెప్పే రసం దానిలోదే. ఒక చేప గ్రంథి తీసి, నూరి, ఆ రసం ఇంకో చేపకు ఎక్కిస్తే గుడ్లు పెడుతుందని 1930ల్లోనే బ్రెజిల్‌లో చేసి చూపించారు. లాహోర్‌లో హమీద్ ఖాన్ 1938 నాటికే మోసు చేప మీద క్షీరదాల గ్రంథి రసంతో ప్రయత్నం చేశాడు. మన కార్పు చేపలకు వాటి సాటి చేపల గ్రంథితోనే ఇది పక్కాగా చేసి చూపింది మాత్రం ఒరిస్సాలోని అంగుల్‌లో, 1957 జూలై 10న. చౌధురితో పాటు ఆ పనిలో అలీకున్హి ఉన్నాడు. ఆ తేదీనే ఇప్పుడు దేశమంతా జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతున్నారు.

పద్ధతి వింటే మనవాళ్లకు వంటింటి పనిలా అనిపిస్తుంది. వానాకాలంలో ఎదిగిన చేపల తలలు కోసి గ్రంథి తీసి, ఆల్కహాల్ సీసాలో దాచుతారు. కావలసినప్పుడు తూకం వేసి, గాజు రోలులో నీళ్లతో నూరి, తేటను సూదితో తీస్తారు. ఆడ చేపకు సాయంత్రం చిన్న మోతాదు, ఆరు గంటల తర్వాత పెద్ద మోతాదు. మగ చేపకు ఒక్కసారే, ఆడదానికి రెండో సూది వేసే వేళకు. తర్వాత వాటిని హాపా అనే గుడ్డ తొట్టిలో వదులుతారు. తెల్లవారేసరికి గుడ్లు సిద్ధం. ఇంకో పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటల్లో పిల్లలు. నది దగ్గరికి వెళ్లాల్సిన పని తప్పింది. మేఘం కోసం చూడడం మాత్రం పూర్తిగా తప్పలేదు. నీళ్లు బాగా వేడెక్కితే గుడ్లు పాడవుతాయి కాబట్టి వాన పడి చల్లబడిన రాత్రే చాలామంది సూది వేసేవారు.

ఇక్కడే మన ముంబై వస్తుంది. 1961 జూన్‌లో కేంద్ర మత్స్య విద్యా సంస్థ ఇక్కడ మొదలైంది. అందరూ సిఫె అంటారు. రాష్ట్రాల మత్స్య శాఖల్లో పనిచేసే అధికారులకు శిక్షణ ఇవ్వడం దాని మొదటి పని. 1979లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి కిందికి వెళ్లింది, 1989లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. సముద్రం ఒడ్డున ఉన్న సంస్థ కాబట్టి రొయ్యలు, పాంఫ్రెట్ల గురించే చదువుతారనుకునేవాళ్లు మనలోనే ఉన్నారు. నిజానికి మంచినీటి చేపల పని కోసం దానికి దేశంలో వేరే చోట్ల కేంద్రాలున్నాయి. అందులో ఒకటి కాకినాడలో, దాని కింద బలభద్రపురంలో మంచినీటి చేపల క్షేత్రం. 1980ల మొదట్లో ఎస్.ఎన్. ద్వివేది ఆధ్వర్యంలో ఈ సంస్థ డి-81 అనే హేచరీ నమూనా తయారు చేసింది. నీటిని చల్లబరిచి, గాలి అందిస్తూ, జాడీల్లో గుడ్లు పొదిగించే ఏర్పాటు. వాన రాత్రి కోసం ఎదురుచూడడం తగ్గించడమే దాని ఉద్దేశం. తర్వాత మన ప్రాంతాల్లో ఎక్కువగా పాతుకుపోయింది గుండ్రని సిమెంటు తొట్టెల చైనా నమూనా హేచరీయే, అది వేరే సంగతి. ఖర్చు తక్కువ, నడపడం తేలిక. రైతు దేన్ని తీసుకుంటాడో ఎప్పుడూ రైతే నిర్ణయిస్తాడు.

గ్రంథి పద్ధతిలో ఇంకో ఇబ్బంది ఉండేది. సీసాలోని గ్రంథులు మంచివో కావో నూరే దాకా తెలియదు. 1980ల్లో కెనడాకు చెందిన పీటర్, చైనాకు చెందిన లిన్ కలిసి దీనికి కొత్త దారి కనిపెట్టారు. చేప మెదడు ఒక పక్క గుడ్లు విడవమనే కబురు పంపుతుంది, ఇంకో పక్క డోపమైన్ అనే రసాయనంతో దాన్నే అడ్డుకుంటుంది. చెరువులో ఆ అడ్డే గెలుస్తుంది. కాబట్టి కబురు తయారుచేసే హార్మోన్ నకలుతో పాటు అడ్డును తీసే మందును కలిపి ఒకేసారి ఎక్కిస్తే సరిపోతుంది. ఓవాప్రిమ్ అనే మందు అట్లా వచ్చింది. అందులో అడ్డు తీసే మందు పేరు డోంపెరిడోన్. అవును, వాంతులు ఆగడానికి మెడికల్ షాపులో మనం కొనే డోంపెరిడోనే. తర్వాత మన దేశంలోనే అలాంటి మందులు వచ్చాయి. ఓవాటైడ్ తయారుచేసింది హెమ్మో ఫార్మా, వోవా-ఎఫ్‌హెచ్ తయారుచేసింది వోకార్డ్. రెండూ ముంబై కంపెనీలే. కైకలూరులోనో కరీంనగర్‌లోనో తల్లి చేపకు పడిన సూదిలో మందు మన లోకల్ రైలు తిరిగే ఊళ్లోని కంపెనీది అయి ఉండవచ్చు.

ఇంత చదివాక శాస్త్రవేత్తలు చెప్పారు, రైతులు చేశారు అనుకుంటే సగమే కథ. కొల్లేరు దగ్గర జరిగింది చూడండి. 1976 ప్రాంతంలో ప్రభుత్వం కొల్లేరులో సొసైటీలకు చేపల చెరువులు తవ్వించడంతో అక్కడ పెద్ద ఎత్తున సాగు మొదలైంది. అప్పటికి పరిశోధనా సంస్థలు చెప్పిన పద్ధతి పేరు మిశ్రమ చేపల పెంపకం. బొచ్చె, రోహు, మోసుతో పాటు 1950ల చివర్లో బయట నుంచి తెచ్చిన వెండి చేప, గడ్డి చేప, బంగారు తీగ. ఆరు రకాలు ఒకే చెరువులో, ఒక్కోటి ఒక్కో మట్టంలో మేస్తుంది కాబట్టి నీళ్లు వృథా కావు. కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. కృష్ణా, పశ్చిమ గోదావరి రైతులు కొన్నేళ్లు చూసి, ఆరింటిలో నాలుగింటిని పక్కన పెట్టారు. కలకత్తా మార్కెట్ అడిగేది రోహు, బొచ్చె. వాటిలోనూ రోహే ఎక్కువ వేశారు, బొచ్చె కొద్దిగా. అంతటితో ఆగలేదు. చిన్న పిల్లల్ని నేరుగా చెరువులో వేయకుండా ఏడాది పాటు ఇరుకు చెరువులో కిక్కిరిసి ఉంచి, అరకొర మేతతో పెరగనీయకుండా ఆపారు. తర్వాత వెడల్పు చెరువులోకి వదిలితే, ఆకలి తీరిన పిల్లాడిలా ఒక్కసారిగా పెరుగుతాయి. చిన్న పిల్లల్లా చావవు కూడా. మేత విసిరితే సగం అడుక్కు పోతోందని సంచులకు చిల్లులు పెట్టి, నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క నింపి, నీళ్లలో పాతిన బొంగులకు కట్టారు. చేపలు వచ్చి చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. ఇవేవీ ప్రయోగశాలలో పుట్టలేదు. తర్వాత శాస్త్రవేత్తలే అక్కడికి వెళ్లి చూసి రాసుకున్నారు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో తెలుగువాళ్ల అసలు పరిశోధన ఇదే.

దీనికి ఖరీదు కూడా ఉంది. కొల్లేరు సరస్సు నేల చెరువు గట్లుగా మారిపోయింది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో గట్లు పేల్చేశారు. చిన్న సొసైటీల పేరు మీద మొదలైనవి పెద్ద చేతుల్లోకి పోయిన తీరు మనలో అటువైపు చుట్టాలున్నవాళ్లకు తెలుసు.

మళ్లీ తెలంగాణకు వద్దాం. ఇక్కడ మనకు ప్రాణమైన చేప కొర్రమీను. 2016లో అది తెలంగాణ రాష్ట్ర చేప అయింది. మృగశిర కార్తె రోజు హైదరాబాద్‌లో పిల్ల కొర్రమీను మింగే జనాన్ని టీవీలో చూస్తూనే ఉంటాం. అయితే రోహుకు దొరికిన విత్తన విప్లవం కొర్రమీనుకు అంత తేలిగ్గా దొరకలేదు. దాని కాపురం వేరు. గుడ్లు లక్షల్లో పెట్టదు, వేలల్లో పెడుతుంది. గడ్డి మధ్య చోటు చేసుకుని, పిల్లలు ఎర్రగా గుంపు కట్టి తిరిగేటప్పుడు తల్లీ తండ్రీ కింద కాపలా కాస్తాయి. ఆ ఎర్ర గుంపును చూసి అడుగున పెద్దది ఉందని ఊళ్లో చిన్న పిల్లలు కూడా చెప్పేవారు. సూది వేస్తే ఇదీ గుడ్లు పెడుతుంది, ఆ వరకు సాధ్యమైంది. కష్టం అంతా తర్వాతే. పిల్లలకు కదిలే మేత కావాలి, అది అందకపోతే పెద్ద పిల్ల చిన్న పిల్లను మింగుతుంది. వారానికోసారి సైజు చూసి వేరు చేస్తూ ఉండాలి. కొర్రమీను కిలో ధర చూసి ముక్కు మీద వేలేసుకునే అక్కలు ఈ చాకిరీ కూడా లెక్కలో వేసుకోవాలి.

మధ్యలో మన గల్లీల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. మంచినీటి చేపల శాస్త్రం కామాటిపురకు చెరువు కంటే ముందు బావి దారిలో వచ్చింది. 1911లో బెంట్లీ అనే డాక్టరు బొంబాయి మలేరియాకు కారణం వెతికి, ఇళ్లలోని బావుల్లో, నీళ్ల తొట్లలో పెరిగే దోమ అని తేల్చాడు. బావులు మూయాలన్నారు, జనం ఒప్పుకోలేదు, గొడవలయ్యాయి. దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపను 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. మున్సిపాలిటీవాళ్లు ఇప్పటికీ బావుల్లో, నీళ్లు నిలిచే చోట్ల గప్పీ చేపలు వదులుతారు. చాళి వెనక నీళ్ల గుంటలో తోక ఊపుకుంటూ తిరిగే ఆ చిన్న చేపలు ఉత్తినే అక్కడికి రాలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ పోస్టు రాయడానికి కారణం అదే. విత్తనం నది నుంచి మనిషి చేతికి వచ్చాక దాని మంచిచెడ్డలు కూడా మనిషి చేతికే వచ్చాయి. నదిలో వేల తల్లులు, వేల తండ్రులు. హేచరీలో కొన్ని జతలు. వాటి పిల్లల్లోంచే మళ్లీ తల్లి చేపల్ని ఉంచుకుంటే రెండు మూడు తరాల్లో అంతా అన్నాచెల్లెళ్ల సంబంధమే. దానికి తోడు పెద్దగా పెరిగినవి మార్కెట్‌కు పోతాయి, ఎదగనివి మిగిలి తల్లులవుతాయి. కర్ణాటక హేచరీల్లో లెక్క తీసి ఏక్‌నాథ్, డోయల్ 1990లోనే ఈ రక్తసంబంధం పెరుగుతోందని రాశారు. ఫలితం రైతుకు తెలుస్తుంది గానీ కారణం తెలియదు. మేత అదే, నీళ్లు అవే, చేప మాత్రం ఎదగదు.

దీనికి జవాబుగానే భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధనా సంస్థ, నార్వే వాళ్లతో కలిసి 1992లో రోహు మీద పని మొదలుపెట్టింది. వేర్వేరు నదుల నుంచి రోహులను తెచ్చి, కుటుంబాలవారీగా గుర్తులు పెట్టి, వేగంగా పెరిగే కుటుంబాలనే ముందుకు తీసుకుపోయారు. తరానికి సగటున 17 శాతం ఎదుగుదల పెరిగింది. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండిన 1997లో దాన్ని విడుదల చేసి జయంతి రోహు అని పేరు పెట్టారు. విజయవాడ దగ్గర ఉన్న ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం దారిన అది ఆంధ్ర రైతులకు చేరింది. జన్యువు మార్చడం ఏమీ లేదు. మన పెద్దలు ఎద్దుల జత చూసి కొన్న పద్ధతే, లెక్క పక్కాగా రాసుకుని చేశారు, అంతే తేడా.

తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వం ఊరి చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలు వదులుతూ వచ్చింది. ఏటా ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు, రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు. ఈ తేడాకు అర్థం ఉంది. పెద్ద నీళ్లలో పెద్ద చేపలు కాచుకుని ఉంటాయి, వేలెడు పొడుగు లేని పిల్ల వాటికి పలహారం. టెండర్ పాడినవాళ్లు పిల్లల్ని తెస్తారు, చాలాభాగం కృష్ణా, గోదావరి జిల్లాల హేచరీల నుంచే. ఊరి సొసైటీ వాళ్లు చెరువు గట్టున నిలబడి తీసుకుని సంతకం పెడతారు. సంతకానికి ముందు చూడాల్సినవి మూడు: పిల్ల పొడుగు, రకం, లెక్క. చాలా ఊళ్లలో మూడూ చూడరు. లారీ ఆగింది, ఫోటో దిగారు, నీళ్లలో పోశారు. ఆరునెలలకు వల వేస్తే చేప లేదని, చెరువుకు దిష్టి తగిలిందని ఫోన్లు మనకు వస్తాయి.

సొసైటీలో సభ్యత్వం కావాలంటే వల అల్లడం, వేయడం, ఈత వచ్చా అని నైపుణ్య పరీక్ష పెడతారు. మంచిదే. కానీ ఇప్పుడు చెరువులో ఏమి పండుతుందో వల కంటే ముందు విత్తనం నిర్ణయిస్తోంది, దాని మీద పరీక్ష లేదు. బోనాలకో దసరాకో ఊరికి పోయే మనవాళ్లు గుడికి చందా ఇవ్వడంతో పాటు సొసైటీ అధ్యక్షుణ్ని ఈ ఏడు పిల్లలు ఏ హేచరీవి, ఎంత సైజు, ఎవరు లెక్కబెట్టారు అని అడగవచ్చు. మన పిల్లల్లో బీఎస్సీ జువాలజీ, ఫిషరీస్ చదివేవాళ్లు ఉన్నారు. వాళ్లకు సిఫె గురించి చెప్పండి. చాళి నుంచి లోకల్ ఎక్కి, అంధేరీలో దిగి, వెర్సోవా బస్సు పట్టుకుంటే వస్తుంది. దేశం నలుమూలల నుంచి పరీక్ష రాసి మరీ అక్కడికి చదవడానికి వస్తారు.

లెక్క ఎట్లా పెట్టాలో కొందరు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. లక్ష పిల్లల్ని ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టలేరు, అవసరమూ లేదు. అడుగున చిల్లులున్న చిన్న గిన్నె ఒకటి తీసుకుంటారు, నీళ్లు కారిపోయి పిల్లలే మిగిలేలా. నిండుగా ఒక గిన్నె ముంచి, వేరే తొట్టిలో పోసి, అందులో ఎన్ని ఉన్నాయో విడిగా లెక్కపెట్టాలి. ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు, లారీలోని వేర్వేరు సంచుల నుంచి. దాని సగటును మొత్తం గిన్నెలతో హెచ్చిస్తే వచ్చిందే లెక్క. లెక్కపెట్టే గిన్నెను తెచ్చినవాడు ముంచకూడదు, మన సొసైటీవాడే ముంచాలి. వాళ్లు ముంచితే గిన్నె వదులుగా నిండుతుంది.